ఎవరూ తరమని పరుగు

మా యానాది కాలనీల్లో పరుగు అనే మాటకు చాలాకాలం ఒకటే అర్థం: ఎవరో తరుముతున్నారు. నేను మారథాన్‌కు తయారవుతున్నానని చెప్పినప్పుడు మా బడి పిల్లలు అడిగిన మొదటి ప్రశ్న కూడా అదే. "ఎవురు తరిమితే సార్, అంత దూరం?" అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ ఆ ప్రశ్న వెనక మన తాతల చరిత్ర ఉంది.

బ్రిటిషువాళ్లు 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చారు. 1911 నాటి కొత్త చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. నెల్లూరు జిల్లా యానాదుల్లో కొందరిని కూడా ఆ జాబితాలో చేర్చారు. జాబితాలో పేరుంటే వేలిముద్రలివ్వాలి, ఊరు దాటాలంటే చెప్పిపోవాలి. రాత్రిపూట దారిలో కనిపించడమే అనుమానానికి చాలు. నెల్లూరు వెన్నెలకంటి రాఘవయ్య గారి వంటివాళ్లు ఆ చట్టానికి ఎదురు నిలిచారు. అది మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952లో రద్దయింది. చట్టం పోయింది గానీ, చీకట్లో పరుగెత్తే యానాదిని చూసే చూపు అంత తొందరగా పోలేదు.

ఇక మారథాన్ సంగతి. దాని దూరం 42.195 కిలోమీటర్లు. ఈ లెక్కను 1921లో స్థిరం చేశారు. ఆగస్టులో హైదరాబాదులో జరిగే మారథాన్‌కు నేను సిద్ధమవుతున్నాను. తయారయ్యేవాళ్లు రోజూ నలభై కిలోమీటర్లు పరుగెత్తరు. వారంలో మూడు నాలుగు రోజులు కొద్దికొద్దిగా, ఒక్కరోజు మాత్రం దూరం పరుగెత్తుతారు. ఆ దూరాన్ని వారానికి కిలోమీటరో రెండో పెంచుతూ పోతారు. నేను జనవరిలో ఎనిమిదితో మొదలుపెట్టి, జూన్‌కు ముప్పైకి వచ్చాను.

ముప్పైకి ఒక లెక్కుంది. మనం తిన్న అన్నం, సంగటి ఒంట్లో గ్లైకోజెన్‌గా మారి కండరాల్లో, కాలేయంలో నిలవ ఉంటుంది. ఎక్కువమందికి ఆ నిలవ ముప్పై కిలోమీటర్ల దగ్గరికి వచ్చేసరికి అడుగంటుతుంది. అక్కడ కాళ్లు ఒక్కసారిగా బరువెక్కుతాయి. ఆదివారం దూరపు పరుగు ఆ నిలవను పొదుపుగా వాడుకోవడం ఒంటికి నేర్పుతుంది. అందుకే దాన్ని మెల్లగానే పరుగెత్తాలి. కిలోమీటరుకు నాకు ఏడు నిమిషాలు పడుతుంది.

మా కోస్తాలో ఎండకంటే ఉక్కపోతతోనే ఎక్కువ కష్టం. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. అందుకే తెల్లవారి నాలుగు గంటలకే మైపాడులో మొదలుపెడతాను. ఇందుకూరుపేట మీదుగా నెల్లూరు దిక్కుకు పదిహేను, మళ్లీ వెనక్కి పదిహేను. ముందురోజు రాత్రి అన్నం కాస్త ఎక్కువ తింటాను. లీటరు నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి రెండు సీసాల్లో పోసుకుంటాను. చెంచాలు చిన్నవి, తలగొట్టి కొలవాలి. హైదరాబాదులో ఫ్లైఓవర్లు ఎక్కి దిగాలి. మా దగ్గర మిట్ట అంటే బకింగ్‌హాం కాలువ మీది వంతెనే, కాబట్టి దాన్నే పదిసార్లు ఎక్కి దిగుతాను.

మొదటి నెలల్లో ఒక ఆదివారం ఏడో కిలోమీటరు దగ్గర ఇద్దరు బండి ఆపి ముఖం మీద లైటు వేశారు. అటూ ఇటూ రొయ్యల గుంటలు, చీకట్లో ఏరేటర్ల చప్పుడు. "ఎవరు నువ్వు? ఎందుకు పరిగెత్తుతుండావు?" పేరు చెప్పాను, బడి పేరు చెప్పాను. "ఏ కాలనీ?" అన్నారు. అదీ చెప్పాను. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చేతులు చూపించమన్నారు. చేతిలో నీళ్ల సీసా తప్ప ఏమీ లేదు. వాళ్లు వెళ్లాక కూడా గుండె దడ తగ్గలేదు. ఇంటికి వెళ్లిపోదామనిపించింది. కానీ తిరిగిపోతే ఆ రోడ్డు ఇక నాది కాదనిపించి, మిగతా దూరం పూర్తిచేశాను.

తర్వాతి ఆదివారం అదే వేళకు అదే దారిలో వెళ్లాను. ఆ పై ఆదివారం కూడా. ఇప్పుడు ఆ బండి హారన్ కొట్టి పోతుంది. కానీ వాళ్లకు అలవాటైంది నా ఒక్కడి ముఖమే. రేపు మా కాలనీ కుర్రాడు ఒంటరిగా వస్తే వాడిని మళ్లీ ఆపుతారు. అందుకే ఇప్పుడు నాతో ముగ్గురు పిల్లలు వస్తున్నారు, కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్నవాళ్లు. వాళ్లకు కావలసింది 1600 మీటర్ల పరుగే అయినా ఆరేడు కిలోమీటర్లు నా పక్కనే ఉంటారు.

గుంటల కాపలా పెద్దాయన ఒకాయన ఉన్నాడు, మనవాడే. చిన్నప్పటి నుంచీ పీతల కోసం అడుసులో నడిచిన మనిషి. ఒకరోజు నన్ను చూసి, "అయ్యోరా, అంత గస పెట్టుకోబాక. పక్కనోడితో మాట్లాడుకుంటా పోగలిగినంతే పో" అన్నాడు. శిక్షకులు చెప్పే సూత్రం కూడా అదే. దూరపు పరుగులో పూర్తి వాక్యం మాట్లాడలేకపోతున్నావంటే వేగం తగ్గించాల్సిందే.

ఉపాధ్యాయులకు ఒక మాట. మధ్యలో రెండు మూడు వారాలు పరుగు ఆగిపోతే, ఆపిన దూరం దగ్గర మళ్లీ మొదలుపెట్టకూడదు. వెనక్కి వెళ్లి, తక్కువ దూరంతో మొదలుపెట్టాలి. లేకపోతే కాలు దెబ్బతింటుంది. మా పిల్లలు అడ్వాన్సు తీసుకున్న తల్లిదండ్రుల వెంట గుంటల దగ్గరికి పోయి రెండు నెలల తర్వాత బడికి వస్తారు. వచ్చిన రోజే వాళ్లను మిగతావాళ్ల పాఠంలో కూర్చోబెడితే వారం తిరగకుండా మళ్లీ మాయమవుతారు. నేనిప్పుడు అలా వచ్చిన పిల్లకు పదిహేను రోజులు వెనకటి పాఠాలే చెబుతున్నాను. "ఎందుకు రాలేదు?" అని మొదటిరోజు అడగను.

1960లో రోమ్ ఒలింపిక్స్‌లో ఇథియోపియాకు చెందిన అబెబె బికిలా వట్టి కాళ్లతో మారథాన్ గెలిచాడు. 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లు, అప్పటికి ప్రపంచంలోనే ఉత్తమం. ఇటలీ సైన్యం 1935లో ఆయన దేశం మీద దండెత్తి, ఆక్సుమ్ శిలాస్తంభాన్ని రోముకు ఎత్తుకుపోయింది. ఆ స్తంభం ఉన్న చోటనే ఆయన వేగం పెంచి తోటివాడిని దాటేశాడు. ఈ కథ చెబితే పిల్లలు ముందు చెప్పుల సంగతే అడిగారు. మన తీరంలో గుల్లలు, సీసా పెంకులు, సర్కారు ముళ్లు ఉన్నాయి కాబట్టి బూట్లు వేసుకోమనే చెప్పాను.

పరుగెత్తాలనుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ ఆదివారమే మొదలుపెట్టండి. మొదటిరోజు ఐదు నిమిషాలు పరుగు, రెండు నిమిషాలు నడక, అలా అరగంట చాలు. వీలైతే నలుగురు కలిసి వెళ్లండి. ఎవరైనా ఆపి అడిగితే, మారథాన్‌కు తయారవుతున్నామని చెప్పి మీ కాలనీ పేరు కూడా గట్టిగా చెప్పండి.