అమ్మమ్మ గొంతు, మెగ్నీషియం బూడిద

పోయిన ఏడు మా ఇంట్లో హార్డ్ డిస్కు ఒకటి మా చేయి జారి కింద పడింది. పిల్లల అమ్మమ్మ చెప్పిన కథలు అందులోనే రికార్డు చేసి పెట్టుకున్నాం. ఆవిడ ఇప్పుడు లేరు. ఇంకో కాపీ తీసి పెట్టుకోవాలన్న బుద్ధి మాకు పుట్టలేదు. రిపేరు చేసే అతను డిస్కు చెవి దగ్గర పెట్టుకుని విని, "టక్ టక్ మంటోంది, హెడ్ పోయినట్టుంది సార్" అన్నాడు.

"హెడ్ అంటే ఏంటి నాన్నా?" అన్నాడు తొమ్మిదో తరగతి చదివే మా వాడు. మేం ఇంగ్లీషులో మొదలుపెట్టాం. "మమ్మల్ని తెలుగు బడికి పంపి మీరు ఇంగ్లీషులో చెప్తారేంటి?" అంది వాడి చెల్లెలు. "సైన్సు తెలుగులో ఉండదే, తెలుగు అమ్మమ్మతో మాట్లాడడానికే" అని వాడు నవ్వాడు. మాకు చురుక్కుమంది. సరే, ప్రయత్నిద్దాం అనుకున్నాం.

డిస్కు మీద రాత అంటే కంటికి కనబడనంత చిన్న అయస్కాంతాలు. వాటి దిక్కు ఎక్కడెక్కడ మారిందో చూసి హెడ్ చదువుతుంది. హెడ్ కొసన రెండు అయస్కాంతపు పొరలు, మధ్యలో కరెంటు పారనివ్వని ఆక్సైడు పొర. దాని మందం ఒక నానోమీటరు ప్రాంతం, అంటే కాగితం మందంలో సుమారు లక్షో వంతు! గోడ అంత పలచనైతే ఎలక్ట్రాన్లు కన్నం లేకుండానే అవతలికి దూరిపోతాయి.

ఇక్కడ మాకు సజ్జా అక్కరకొచ్చింది. రోజూ పనికి వెళ్ళే దారి కదా, అక్కడి లారీలు పిల్లలకూ తెలుసు. ఎలక్ట్రాన్లలో స్పిన్‌ను బట్టి రెండు రకాలు. ఒక రకం లారీలు, ఇంకో రకం కార్లు అనుకోండి. మొదటి గేటులో లారీలకు నాలుగు దారులు, కార్లకు ఒకటి. రెండో గేటూ అలాగే ఉంటే బళ్ళు జోరుగా సాగుతాయి. రెండో గేటులో దారులు తారుమారైతే? నాలుగు వరుసల లారీలు ఒక్క దారిలో ఇరుక్కుంటాయి. ఆ ఇరుకే విద్యుత్ నిరోధం. ఒక పొర దిక్కు కదలదు. రెండోది డిస్కు మీది అయస్కాంతాలను బట్టి తిరుగుతుంది. నిరోధం పెరిగిందా, తగ్గిందా అన్నదే చదువు.

1975లో ఫ్రాన్సులో జూలియేర్ దీన్ని గమనించాడు, అదీ గడ్డకట్టించే చలిలో, 14 శాతం తేడాతో. 1995లో మద్రాసు ఐఐటీలో చదివి అమెరికాలో ఎంఐటీకి వెళ్ళిన జగదీశ్ మూడెరా బృందం, జపానులో మియజాకి బృందం అల్యూమినియం ఆక్సైడుతో మామూలు గది వేడిలోనే చేసి చూపించాయి. 2004లో జపానులో యుఆసా, అమెరికాలో పార్కిన్ మెగ్నీషియం ఆక్సైడు పొరతో తేడాను సుమారు 200 శాతానికి తీసుకెళ్ళారు. అంటే నిరోధం మూడింతలు!

మెగ్నీషియం ఆక్సైడు అనగానే మాకు మా జిల్లా పరిషత్ హైస్కూలు గుర్తొచ్చింది. సారు పట్టకారుతో మెగ్నీషియం తీగ పట్టుకుని కాలుస్తూ, "నేరుగా చూడకండ్రా!" అని అరిచేవారు. చివరికి మిగిలే తెల్లటి బూడిద అదే. మేం దాన్ని తెలుగులోనే చదివాం, తెలుగులోనే పరీక్ష రాశాం. మా వాడు నమ్మలేనట్టు చూశాడు.

కాసేపు ఆగి, "అయితే అమ్మమ్మ గొంతు ఇంకా డిస్కు మీదే ఉందా?" అన్నాడు.

గీతలు పడకపోతే ఉన్నట్టే. రాత చెరగలేదు, చదివేది పోయింది. ప్రత్యేకమైన ల్యాబులో హెడ్ మార్చి చదివించవచ్చట, ఖర్చు బాగా అవుతుందట. డబ్బు కూడబెడుతున్నాం. డిస్కు బీరువాలో భద్రంగా ఉంది.

ఈలోగా మా వాడు లారీల బొమ్మ గీసి, కింద తెలుగులో ఐదు వాక్యాలు రాశాడు. "అయస్కాంతం"లో సున్న మరిచిపోయాడు. దిద్దించి గోడకు అంటించాం. పిల్లలూ, మీ తాతయ్యలు, అమ్మమ్మలు చెప్పే కథలు రికార్డు చేయండి, రెండు కాపీలు పెట్టుకోండి. చదవడం మాత్రం మీరు నేర్చుకోవాల్సిందే. దానికి వేరే హెడ్ దొరకదు.