తారు కింద తోట

పిల్లలూ! ఒక చోట తోట వెయ్యాలంటే మొక్కలు తెచ్చి నాటుతాం. మరి ఆ తోటలోకి సీతాకోకచిలుకలు, తూనీగలు, పిట్టలు కూడా రావాలంటే ఏం చెయ్యాలి? వాటిని పట్టి తెస్తే నిలుస్తాయా? ఈ సంగతి తెలుసుకోవటానికి ఒకసారి అమెరికా వెళ్ళివద్దాం, రండి.

కాలిఫోర్నియా రాష్ట్రంలో, శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతానికి తూర్పు ఒడ్డున బర్క్‌లీ అనే పట్టణం ఉన్నది. అక్కడి వాషింగ్టన్ ప్రాథమిక పాఠశాల ఆవరణ సుమారు ఒకటిన్నర ఎకరం. 1971 నాటికి అది తారు పరిచిన నేల. పడితే మోకాళ్ళు చీరుకుపోవలసిందే! అప్పుడు ఆ బడి ప్రధానోపాధ్యాయుడు హెర్బర్ట్ వాంగ్. ఆయనా, విశ్వవిద్యాలయంలో పనిచేసే రాబిన్ మూర్ అనే ఆయనా కలిసి, ఆవరణ ఎలా ఉంటే బాగుంటుందని పిల్లలనూ, పెద్దలనూ అడిగారు. తరవాత సుమారు అరెకరం మేర తారు పెళ్ళగించి వేశారు. పిల్లలూ, ఉపాధ్యాయులూ, తల్లిదండ్రులూ కలిసి పనిచేశారు. చిన్న కొలనులూ, పచ్చికబయలూ, ఆ ప్రాంతంలో సహజంగా పెరిగే చెట్లూ వెలిశాయి.

ఆ ప్రాంతపు మొక్కలే ఎందుకు? ఎందుకంటే, చాలా పురుగులు కనపడిన ఆకునల్లా తినవు. ఉదాహరణకు, అమెరికాలో మోనార్క్ అనే నారింజరంగు సీతాకోకచిలుక ఉన్నది. దాని గొంగళిపురుగు మిల్క్‌వీడ్ ఆకులు తప్ప మరేవీ ముట్టదు. ఆ మొక్క లేనిచోట ఎన్ని అందమైన పూలమొక్కలు పెంచినా మోనార్క్ గుడ్లు పెట్టదు. పురుగులు లేకపోతే వాటిని తిని బతికే పిట్టలకూ తిండి లేదు. కనక జీవాలను మనం తీసుకురానక్కరలేదు. వాటికి కావలసిన తిండీ, నీరూ, చాటూ అమరిస్తే అవే వస్తాయి.

ఆ తోట వాషింగ్టన్ బడి పిల్లలకు ఆటస్థలమే కాక, తరగతి గది కూడా అయింది. మూర్ అక్కడి ఆటలను గమనించాడు. చెట్లూ, నీళ్ళూ ఉన్నచోట ఆడపిల్లలూ, మగపిల్లలూ ఎక్కువగా కలిసి ఆడుకున్నారట!

మిల్క్‌వీడ్‌కు మన దేశంలో దగ్గర చుట్టం ఉన్నది. అదే జిల్లేడు! మోనార్క్‌ను పోలిన నారింజరంగు సీతాకోకచిలుక ఒకటి దాని ఆకుల మీద గుడ్లు పెడుతుంది. మీ బడి గోడపక్క జిల్లేడు మొలిస్తే, పిచ్చిమొక్క అని పీకెయ్యబోయే ముందు ఆకుల అడుగున చూడండి. నలుపు, తెలుపు, పసుపు పట్టీల గొంగళిపురుగు కనిపించవచ్చు. దాన్ని తాకకుండా చూడండి. జిల్లేడు పాలు మాత్రం కళ్ళలో పడకుండా జాగ్రత్త సుమా!