అరకిలోమీటరు త్రోవ

గౌతమీ తీరమున, కోటిపల్లి కెదురుగా, ముక్తేశ్వరము రేవు కలదు. క్షణముక్తేశ్వరస్వామి వెలసిన క్షేత్రమిది. వేకువజామున స్నానమునకై రేవునకు బోవువారికి మొదట వినవచ్చునది గుడిగంట, రెండవది సైకిలుగంట. ఆవలి యొడ్డునుండి వచ్చు పంటుమీదనుండి పాలక్యానులు, కూరగాయల మూటలు, కొబ్బరికాయల మోపులు గట్టిన సైకిళ్లు దిగుచుండును. ఒకనాడు మేము మెట్లపై గూర్చుండి లెక్కించితిమి. పదునేడు సైకిళ్లు దిగినవి. వానిలో స్త్రీ చేతిలోనిది ఒక్కటియు లేదు. స్త్రీలు గంపలు నెత్తిన బెట్టుకొని నడచిపోవుచుండిరి.

కోనసీమ నేల అరచేతివలె సమమైనది. 1847లో ఆరంభమై 1852లో ముగిసిన ధవళేశ్వరము ఆనకట్టవలన ఈ డెల్టాలో కాలువలు విస్తరిల్లినవి. కాలువలతో గట్లును వచ్చినవి. గట్లపై కొబ్బరినీడ. ఇట్టి నేలమీద సైకిలు త్రొక్కుట కష్టముగాదని మాకు ముప్పదినాలుగవయేట గాని తెలియలేదు.

మావారు బడిపంతులు. వేసవి సెలవులలో తమ పాతసైకిలు వెనుక పట్టుకొని మాకు నేర్పిరి. రెండుమారులు తుమ్మకంపలో బడితిమి. అత్తగారు చూచి, "నలుగురూ నవ్వరా అమ్మా?" అనిరి. "అర్జునుని రథమునకు సుభద్ర పగ్గాలు పట్టినప్పుడు నలుగురూ నవ్వారా అత్తయ్యగారూ?" అని వినయముగనే యడిగితిమి. ఆమె క్షణమాలోచించి, "సుభద్ర కుచ్చెళ్లు చక్రంలో పడలేదు గదా! ముందు నువ్వు కుచ్చెళ్లు సరిగా దోపుకో" అనిరి. అనుమతి యట్లు లభించినది.

మా తొలియాత్ర ఏటిగట్టు వెంబడి నాలుగు కిలోమీటర్ల దూరముననున్న యొక పాలెమునకు. ఎడమప్రక్క గౌతమి, కుడిప్రక్క అరటితోటలు, నడుమ మేము. మాకు పాలుపోయు వారి యిల్లచ్చట గలదు. వారి చిన్నకుమార్తె పదవతరగతి మంచిమార్కులతో నుత్తీర్ణురాలైనది. చూరుక్రింద నొక సైకిలు చక్రములలో గాలి లేక నిలువబడియున్నది. 2017 ప్రాంతమున ప్రభుత్వమువారు 'బడికొస్తా' పథకము క్రింద ఉన్నతపాఠశాల బాలికలకు సైకిళ్లు పంచినప్పుడు పెద్దపిల్లకు వచ్చినదట. ఆ పిల్ల పదవతరగతితో చదువు మానినది.

"చిన్నమ్మాయి అమలాపురం కాలేజీలో చేరుతుందా?" అని యడిగితిమి. తండ్రి తలవంచుకొని, "గట్టుమీద నాకు బెంగ లేదండి అమ్మగారూ. గట్టు దిగాక బస్సు దగ్గరికెళ్లే ఆ రోడ్డుముక్కేనండి. పెద్దదాన్ని అందుకే మానిపించేశాను" అనెను. పిల్ల మారుమాట లేక చక్రమునకు బట్టిన మట్టిని గోటితో గీకుచుండెను.

తిరుగు ప్రయాణమున ఆ త్రోవను పరికించి చూచితిమి. గట్టు దిగినచోటినుండి బస్సు నిలుచు కూడలికి అరకిలోమీటరుకంటె నెక్కువ లేదు. కాని ఇరుప్రక్కల ఇసుకరాసులు, దుకాణముల బల్లలు; లారీ వచ్చినచో సైకిలు మురుగుకాలువలోనికి దిగవలసినదే. మేము భయపడి దిగి నడచితిమని దాచక చెప్పుచున్నాము. నాలుగు కిలోమీటర్ల చక్కని త్రోవను ఆ అరకిలోమీటరు నిరర్థకము చేయుచున్నది. ఒక యింట ఒక చదువు అచ్చటనే యాగినది. రెండవది యాగుటకు సిద్ధముగానున్నది.

సోదరీమణులారా, సైకిలు నిచ్చిన నేమగునో యితరత్ర జూచిన తెలియును. తమిళనాడులోని పుదుక్కోటలో 1991, 92 సంవత్సరములలో అక్షరాస్యతోద్యమమువారు అక్షరములతోబాటు సైకిలును గూడ నేర్పిరి; లక్షకు పైగా స్త్రీలు నేర్చిరని ప్రసిద్ధి. బీహారులో 2006లో తొమ్మిదవతరగతి బాలికలకు సైకిళ్లకై ధనమొసగ నారంభించిరి. ఉన్నతపాఠశాలలో బాలికల చేరిక నూటికి ముప్పదిరెండుపాళ్లు హెచ్చెనని పరిశోధకులు లెక్కకట్టిరి. బడి దూరముగానున్న పల్లెలలోనే ఫలితము మిక్కుటము.

ఇక త్రోవ సంగతి. హైదరాబాదులో 2023 అక్టోబరులో బాహ్యవలయ రహదారి ప్రక్కన ఇరువదిమూడు కిలోమీటర్ల సైకిలుబాటను ప్రారంభించిరి. పైకప్పుగా సూర్యరశ్మితో విద్యుత్తు బుట్టించు పలకలు. మా తమ్ముని యింటికి బోయినప్పుడు చూచి యబ్బురపడితిమి. కాని సైకిళ్లను కార్లమీద దెచ్చి, వ్యాయామముచేసి, మరల కార్లలో బోవువారినే యచ్చట జూచితిమి. మా మరదలి యింట వంటచేయు నామె ఆరు గంటలకే ఆటోలో నొదిగి వచ్చుచుండెను. ఆమె యింటినుండి ఆ బాటకు దారి లేదు. ఇరువదిమూడు కిలోమీటర్లున్నచోట గడపకు గలుపు ముక్క లేదు; మా యూర గడపనుండి గట్టున్నది గాని గమ్యమునకు గలుపు ముక్క లేదు. రెండింటి లోపమొక్కటియే.

హాలెండులో 1971లో నాలుగువందలకు పైగా బిడ్డలు రహదారి ప్రమాదములలో మరణించిరి. తలిదండ్రులు వీధులకెక్కి యడిగిరి. తరువాతి సంవత్సరములలో ఆ దేశమువారు సైకిళ్లకు వేరుబాటలు వేసి, వానినొకదానితో నొకటి కలిపిరి. ఇప్పుడచ్చట పసివారును, ముదుసలులును నిర్భయముగ త్రొక్కుదురు. అడిగినవారిలో తల్లులును గలరని మనము మరువరాదు.

మేమడుగునది స్వల్పము. ఆ అరకిలోమీటరున ఒకప్రక్క రెండుగజముల బాట. దానికిని లారీలకును నడుమ చిన్న రాతిగట్టు. సాయంకాలమునకు నాలుగు దీపములు. కూడలిలో సైకిళ్లు నిలుపుకొన నీడ. ఈ మాటలు వ్రాసి పంచాయతీవారి కిచ్చితిమి. అరువదియొక్క మంది స్త్రీలు చేవ్రాలు చేసిరి. వారిలో మా అత్తగారి చేవ్రాలు మొదటిది.

బాట వచ్చువరకు పిల్ల కూర్చుండవలెనా? మావారు మరల పాలెమునకు బోయి తండ్రితో మాటలాడిరి. ప్రతిదినము ఏడుగంటలకు మేము గట్టుదిగువ నిలిచియుందుము. ఆ యరకిలోమీటరు సైకిలు నడిపించుకొని పిల్లతో గలసి నడతుము. మా యరుగుమీద సైకిలు నుంచి ఆమె బస్సెక్కును. ఆతడు చాలసేపు మౌనముగనుండి, చూరుక్రిందనుండి సైకిలు బయటికిదీసి చక్రములకు గాలి కొట్టెను.

ఇప్పుడు గట్టుదిగువకు ముగ్గురు బాలికలు వచ్చుచున్నారు. మూడవ పిల్ల తల్లియు సైకిలు నేర్పుమని యడిగినది. త్రోవ మాత్ర మింకను అట్లేయున్నది. మీ యూర నట్టి యరకిలోమీటరు ఎచ్చట నున్నదో, దాని వలన ఎవరి చదువాగినదో, ఒక్కమారు నడచి చూడుడు.