గుమ్మం దాటగానే మెట్లు

మళ్ళీ వంటింటి గోడే! ఇవాళ వచ్చిన కాంట్రాక్టరు కూడా దాని మీదే చెయ్యి వేశాడు. ఇది కొట్టేసి దూలం ఎత్తితే హాలూ వంటిల్లూ కలిసిపోతాయన్నాడు. నేను గుమ్మం సంగతి మాట్లాడుతుంటే చెవిన పెట్టడే!

మేరీలాండ్‌లో మాది 1970ల నాటి స్ప్లిట్ ఫోయర్ ఇల్లు. తలుపు తీస్తే కాలు పెట్టేది గదిలో కాదు, రెండు వరసల మెట్ల మధ్య ఇరుకు చదును మీద. ఆరు మెట్లెక్కితే హాలు, వంటిల్లు, పడకగదులు. ఆరు దిగితే సగం నేలలో ఉన్న కింది అంతస్తు. మనవాళ్ళు నలుగురు భోజనానికి వస్తే చెప్పులు విప్పాలి, కోట్లు తీయాలి, చేతుల్లో పళ్ళ సంచులు. ముందున్నవాళ్ళు లేసులు విప్పేదాకా వెనకున్నవాళ్ళు మంచులోనే. తలుపు లోపలికి తెరుచుకుంటుంది కనుక ఒకరు మెట్టెక్కితే గానీ మరొకరు రాలేరు. పెద్దావిడెవరైనా కూర్చుని బూట్లు తీసుకోవాలంటే మెట్టే దిక్కు. నేనేమో పై మెట్టు మీంచి వంగి "రండి, రండి" అంటాను. చుట్టానికి ఎదురెళ్ళి చెయ్యి అందుకునే చోటు లేకపోతే ఇల్లెంత పెద్దదైతే ఏం?

కట్టినవాళ్ళ తెలివిని మెచ్చుకోవాల్సిందే. చలికి నేల గడ్డకట్టే లోతు దాటి పునాది వేయక తప్పదు. ఆ లోతునే సగం అంతస్తు చేసుకున్నారు. మిగతా సగం నేలపైన ఉంటుంది కాబట్టి కింది గదుల్లోకీ చక్కటి వెలుతురు వస్తుంది. అక్కడే అమ్మానాన్నలకు పడకగది చేయించాం. మంటలు లేస్తే మనిషి కిటికీలోంచి బయటపడగలగాలట. దాని కింది అంచు గది నేల నుంచి 44 అంగుళాలు మించలేదని ఇన్‌స్పెక్టరు టేపు పెట్టి చూశాకే సరేనన్నాడు. మా ఊరు తెనాలిలో పడకగది కిటికీకి ఇనప చువ్వలు బిగించేటప్పుడు ఆ మాట ఎత్తినవాళ్ళని నేను చూడలేదు.

అయినా అక్కడ అరుగుండేది. అరుగుకీ ఈ చదునుకీ పోలిక పెట్టడం న్యాయం కాదు, తెనాలిలో మంచు పడదు, కోట్లూ లేవు. కానీ ఎండవేళ కుండలమ్మే అతను గంప దించుకుని మా అరుగు మీద కూర్చుంటే నాయనమ్మ లోపల్నించి మజ్జిగ చెంబు తెచ్చేది. ఏమీ కొనకపోయినా అంతే. అతను గోడకి జారబడి కాసేపు కళ్ళు మూసుకునేవాడు, లెమ్మనేవాళ్ళు లేరు.

ఇక్కడ కాఫీకి పైకి రావాలంటే అమ్మ మోకాళ్ళు పట్టుకుని రెండు వరసలూ ఎక్కాలి.

అందుకే డబ్బు ముందు గుమ్మానికే. ముందు గోడ నాలుగడుగులు బయటికి జరిపితే ఒక బల్ల, చెప్పుల అరలు, కోట్లకు కొక్కేలు పడతాయి. పునాదీ, పైకప్పు అతుకూ, పర్మిట్టూ తప్పవు. రోడ్డు వైపు వదలాల్సిన జాగా లెక్క కౌంటీలో చూసుకోవాలి. ఆ నాలుగడుగులూ దొరక్కపోతే కింద గరాజు పక్క తలుపు దగ్గరే బల్ల వేయించి, చుట్టాలను అటునుంచే రమ్మంటాం. అమ్మ గదికి మెట్లు లేని దారి ఎలాగూ అదే.