దారి తెరిచాక కడగాల్సింది మనమే

పుప్పాలగూడలో ఎటు చూసినా కట్టడాలే. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌ను ఆనుకుని ఉన్న ఈ ఊళ్లో కొండరాళ్లు పగలగొట్టి టవర్లకు పునాదులు తీస్తున్నారు. టిప్పర్లు లేపే దుమ్ము గాలిలోనే తిరుగుతూ ఉంటుంది. ఆ రోడ్డు మీదే ఉన్న ఓ చిన్న ఈఎన్‌టీ ఆసుపత్రికి, దీర్ఘకాలిక సైనసైటిస్‌కు ఆపరేషన్ ఎలా చేస్తారో చూద్దామని వెళ్లాను.

ముందు ఓపీలో కూర్చున్నాను. సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు, వాచ్‌మన్లు, కట్టుబడి కూలీలు. అందరిదీ ఒకటే బాధ: ముక్కు దిబ్బడ, గొంతులోకి కారే చీమిడి, ముఖమంతా బరువు, వాసన తెలియకపోవడం. "డాక్టరమ్మా, ఆపరేషన్ చేసేయండి, పీడ వదిలిపోతుంది" అని ఒకాయన బతిమాలాడు. ఆమె ఒప్పుకోలేదు. ఈ లక్షణాలు 12 వారాలు దాటితేనే దీర్ఘకాలిక జబ్బు కింద లెక్క. అప్పుడు కూడా మొదటి వైద్యం ఉప్పునీటితో ముక్కు కడగడం, స్టిరాయిడ్ స్ప్రే. వాటిని సరిగ్గా వాడినా తగ్గకపోతే సీటీ స్కాన్, ఆ తర్వాతే ఆపరేషన్ మాట. సైనస్ తలనొప్పి అనుకుని వచ్చేవాళ్లలో కొందరిది అసలు మైగ్రేన్ అని ఆమె చెప్పారు.

రోగి అనుమతితో నన్ను థియేటర్‌లోకి రానిచ్చారు. ఆయనకు ముక్కులో కండలు పెరిగాయి. నుదుట్లో, చెంపల్లో, కళ్ల మధ్య, ముక్కు వెనుక లోతున మనకు నాలుగు జతల గాలి గదులున్నాయి. స్కాన్‌లో గాలి నల్లగా కనిపిస్తుంది. ఈయన స్కాన్‌లో ఆ గదులు చాలావరకు బూడిద రంగులో ఉన్నాయి.

పూర్తి మత్తు ఇచ్చి, రక్తస్రావం తగ్గేందుకు అడ్రినలిన్‌లో తడిపిన దూది పట్టీలు ముక్కులో పెట్టారు. 4 మిల్లీమీటర్ల ఎండోస్కోప్ లోపలికి వెళ్లగానే తెర మీద పాలిపోయిన కండలు నిగనిగలాడుతూ కనిపించాయి. మైక్రోడెబ్రైడర్ బ్లేడు వాటిని కోస్తూనే పీల్చేసింది. ఒక చిన్న ఎముకను తొలగించి చెంప గది సహజ ద్వారాన్ని వెడల్పు చేయగానే చిక్కటి చీము బయటికి వచ్చింది. రోగి కళ్లను మాత్రం కప్పలేదు. సైనస్‌కూ కనుగుంతకూ మధ్య ఉన్నది కాగితమంత పలచని ఎముక, పైన మెదడు. అందుకే పనిముట్టు కదిలినంతసేపూ కళ్లను గమనిస్తూనే ఉన్నారు. బయట ఒక్క కోత గానీ కుట్టు గానీ లేదు.

పూర్వం పద్ధతి వేరు. 1893లో అమెరికాలో కాల్డ్‌వెల్, 1897లో ఫ్రాన్స్‌లో లూక్ వివరించిన ఆపరేషన్‌లో పైపెదవి లోపల కోసి, చెంప ఎముకకు కన్నం పెట్టి, లోపలి పొరను గీకేసేవారు. ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో మెసర్‌క్లింగర్ ఎండోస్కోపుతో పరిశీలించి అసలు సంగతి చూపారు: వేరేచోట కన్నం పెట్టినా, పొర మీది సన్నని కేశాలు చీమిడిని సహజ ద్వారం వైపే నెడతాయి. ఆయన పుస్తకం 1978లో వచ్చింది. 1985 నుంచి అమెరికాలో కెన్నెడీ ఈ పద్ధతిని ఎఫ్‌ఈఎస్‌ఎస్ (ఫంక్షనల్ ఎండోస్కోపిక్ సైనస్ సర్జరీ) పేరుతో ప్రచారంలోకి తెచ్చారు. పొరను కాపాడి ద్వారం తెరవడమే దాని సారం.

"ఆపరేషన్ చేయించుకున్నా మళ్లీ వస్తుందట కదా?" అని ఓపీలో చాలామంది అడిగారు. కండలున్నవాళ్లకు, ముఖ్యంగా ఆస్తమా కూడా ఉన్నవాళ్లకు, మళ్లీ రావచ్చు. పొరలో వాపు పుట్టే గుణాన్ని ఏ కత్తీ కోసెయ్యలేదు. తెరిచిన దారిలోంచి ఉప్పునీరు, మందు లోపలిదాకా చేరతాయి. ఆపరేషన్ వల్ల వచ్చే పెద్ద లాభాల్లో ఇదొకటి. బాగైపోయిందని స్ప్రే మానేసి, చెకప్‌కు రాకుండా ఉండేవాళ్లకే ఇబ్బంది ఎక్కువ.

ఈ వైద్యం కార్పొరేట్ ఆసుపత్రులకే పరిమితం కాదు. 2021లో సైనస్‌లకు సోకే బ్లాక్ ఫంగస్ విరుచుకుపడినప్పుడు తెలంగాణకు నోడల్ కేంద్రంగా నిలిచింది కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రే. డబ్బు లేదని జబ్బును ముదరబెట్టుకోకండి. అక్కడికి వెళ్లి చూపించుకోండి.

ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు ఒక్క మనవి. ముక్కు కడగడానికి కుళాయి నీళ్లు నేరుగా వాడొద్దు. వాటిలో ఉండే అమీబా అరుదుగానైనా ముక్కు గుండా మెదడుకెక్కి ప్రాణం తీస్తుంది. మరగబెట్టి చల్లార్చిన నీళ్లే వాడండి, డాక్టర్ ఆపమనేదాకా కడగడం ఆపకండి.