తోక తెగిన ఫైలు

పెన్‌డ్రైవ్ పీకింది నేనే. ఒకర్ని అనడానికి లేదు.

హనుమకొండలో ఒక డీటీపీ షాపు. రాత్రి తొమ్మిది కావస్తోంది, షట్టర్ సగం దించేశారు. ప్రింటు తీయించబోతూ రెండు అచ్చు తప్పులు కనబడితే అక్కడి కంప్యూటర్లోనే దిద్దాను. సేవ్ కొట్టి, వర్డ్ మూసేసి, పెన్‌డ్రైవ్ లాగేశాను. దాని కొసన ఉన్న చిన్న లైటు ఇంకా టకటకా కొట్టుకుంటోంది. చూశాను. చూసే లాగాను. ఆఖరి బస్సు పోతుందేమోనని నా కంగారు.

ఇంటికొచ్చి ల్యాప్‌టాప్‌కు పెడితే ఫైలు పాడైందనీ, తెరవడం కుదరదనీ వచ్చింది. మూసి మళ్లీ తెరిచాను. ల్యాప్‌టాప్ ఆపి మళ్లీ ఆన్ చేశాను. మా ఆయన లేచొచ్చి, "పొద్దున చూద్దువుగాని, పడుకో" అన్నాడు. నిద్రెక్కడిది!

ఆ ఫైలు నా పీహెచ్‌డీ. ఓరుగల్లు చుట్టుపక్కల ఊళ్లలో ఆరేళ్లు తిరిగి పోగుచేసిన నాటు పాటలు, కలుపు పాటలు, విసుర్రాయి పాటలు అందులో ఉన్నాయి. 214 పేజీలు, 340 ఫుట్‌నోట్లు, 27 ఫోటోలు. సమర్పించడానికి మిగిలింది 19 రోజులు. మెయిల్లో దాచుకున్న కాపీ ఉంది కానీ అది మూడు నెలల కిందటిది. నాలుగో అధ్యాయం మొత్తం ఆ తర్వాత రాసిందే. అందులో ఒక అవ్వ పాడిన పాటలు పదకొండు. ఆమె అరుగు మీద కూర్చుని, ఆమె పాడుతుంటే నేరుగా ల్యాప్‌టాప్‌లో కొట్టుకున్నాను. నోట్‌బుక్కులో ఒక్క ముక్క లేదు. ఎప్పుడూ పెన్‌డ్రైవ్‌లోని ఫైలునే తెరిచి అందులోనే రాసుకునే పాడలవాటు నాది. కాబట్టి ల్యాప్‌టాప్‌లోనూ ఏమీ లేదు. వర్డ్ మధ్యమధ్యలో తనంతట తాను దాచుకునే కాపీ ఒకటి ఉంటుందట. కానీ వర్డ్‌ను సక్రమంగా మూసేస్తే ఇక అక్కర్లేదనుకుని అదే దాన్ని తీసేస్తుంది. నేను సక్రమంగానే మూశాను మరి. సక్రమంగా చేసిన పని అదొక్కటే.

తెల్లవారుజామున మూడింటిదాకా తోచిందల్లా చేశాను. వర్డ్‌లో 'ఓపెన్ అండ్ రిపేర్' అని ఒకటుంది, కాలేదు. లిబ్రే ఆఫీస్ ఎక్కించి చూశాను, బాగుచేయమంటావా అని మర్యాదగా అడిగి అదీ చేతులెత్తేసింది. బాగుచేసి పెడతామన్న వెబ్‌సైటు ఒకటి మొదటి పేజీ చూపించి, మిగతాదానికి డబ్బులు కట్టమంది. ఆరేళ్ల కష్టాన్ని ముక్కూ మొహం తెలియని వాళ్ల చేతిలో పెట్టానే అని అప్పుడు తట్టింది. ఇవన్నీ అసలు ఫైలు మీదే చేశాను చూడండి, అది ఇంకా బుద్ధితక్కువ పని. ఫైలు తెరుచుకోకపోతే ముందు దాన్ని మరోచోటికి కాపీ చేసుకుని, ప్రయోగాలేవైనా ఆ కాపీ మీదే చేయాలి.

ఈ మాట నాకు చెప్పింది మా అక్క కొడుకు. ఇంజినీరింగ్ చదువుతున్నాడు. పొద్దున్నే వచ్చి ముందు కాపీ తీశాడు. తర్వాత ఆ కాపీని నోట్‌ప్యాడ్‌లో తెరిచాడు. తెర నిండా డబ్బాలు, పిచ్చి గీతలు. నా గుండె జారిపోయింది. వాడు మాత్రం మొట్టమొదటి రెండక్షరాల మీద వేలు పెట్టి, "పీకే ఉంది చిన్నమ్మా, భయం లేదు" అన్నాడు.

"పీకింది నేనేరా, అది అందులో కూడా రాసుందా?" అన్నాను. ఏడుపులో నవ్వొచ్చింది.

పీకే అంటే ఫిల్ కాట్జ్ అనే ఆయన పొడి అక్షరాలట. 1989లో జిప్ పద్ధతి తెచ్చిన అమెరికా మనిషి. 2007 వర్డ్‌తో వచ్చిన డాక్స్ ఫైలు నిజానికి ఒక జిప్ మూటే. మూటలో వ్యాసం ఒక ఫైలు, ఫుట్‌నోట్లు ఒక ఫైలు, ఫోటోలు ఒక ఫోల్డరు. ఏది ఎక్కడుందో చెప్పే పట్టిక పుస్తకంలోలా ముందుండదు, చిట్టచివర ఉంటుంది. 38 ఎంబీ ఉండాల్సిన నా ఫైలు 9 ఎంబీ దగ్గర ఆగిపోయింది. అంటే తోక తెగింది, తోకతోపాటు పట్టికా పోయింది. పట్టిక లేకపోతే వర్డ్ లోపలికి అడుగు పెట్టదు. అయితే లోపలున్న ప్రతి ఫైలుకూ ముందు దాని పేరూ, మళ్లీ ఆ పీకే గుర్తూ ఉంటాయి కాబట్టి పట్టిక లేకపోయినా మొదటినుంచి వెతుక్కుంటూ పోవచ్చు. 7-జిప్ ఆ పని చేసింది. ఫైలు మధ్యలోనే అయిపోయిందని గొణిగింది కానీ దొరికినవన్నీ బయట పెట్టింది. నా అదృష్టం, వ్యాసం మూటలో ముందే ఉంటుంది. ఫోటోలు వెనక. వ్యాసం, ఫుట్‌నోట్లు పూర్తిగా వచ్చాయి. ఫోటోలు ఆరు వచ్చాయి.

వ్యాసం ఫైలు తెరిస్తే పేరాలు లేవు, పేజీలు లేవు. 214 పేజీలూ ఒకే ఒక్క లైను. కోణపు బ్రాకెట్లు, ఇంగ్లీషు గుర్తులు, వాటి మధ్య ఎక్కడో తెలుగు. 'నాట్లు' అన్న మాటలో 'నా' ఒకచోట ఉంటే 'ట్లు' నాలుగు అంగుళాల అవతల ఉంది. అలా వెతుకుతూ పోతే అవ్వ పాట పల్లవి కనబడింది. వాణ్ని పక్కకు జరగమని చాలాసేపు దాన్నే చదువుకున్నాను.

పేరా ముగిసే గుర్తు ఉన్నచోటల్లా కొత్త లైను పెట్టి, మిగతా గుర్తులన్నిటినీ నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో ఒక్క దెబ్బకు తీసేశాడు. విడిపోయిన ముక్కలు అతుక్కున్నాయి. సంతోషంలో ఫుట్‌నోట్ల సంగతి మరిచాం. గుర్తులతోపాటు వ్యాసంలోని ఫుట్‌నోటు నంబర్లు కూడా పోయాయి. రెండు రాత్రులు కూర్చుని ఏ నోటు ఏ వాక్యానిదో ఊహించి పెట్టుకుంటూ వచ్చాను. 61 పెట్టాక వాడు ఫోన్ చేసి, "ఆగు చిన్నమ్మా, మళ్లీ మొదట్నుంచి చేద్దాం" అన్నాడు. ఈసారి ముందు ఆ నంబర్లను మామూలు అంకెలుగా మార్చి, ఆ తర్వాత గుర్తులు తీశాడు. అంకెలు ఎక్కడివక్కడ నిలిచాయి. నేను ఊహించి పెట్టిన 61లో 9 తప్పు. నా వ్యాసమే నాకు అంతగా తెలియదన్నమాట.

హెడ్డింగులు, మార్జిన్లు, పాటల పాదాల ఎడాలు మళ్లీ చేతితో సర్దుకోవడానికి తొమ్మిది రోజులు పట్టింది. కాలేజీకి సెలవు పెట్టాను. పోయిన ఫోటోల్లో 17 పాత ఫోన్లోనూ వాట్సాప్‌లోనూ దొరికాయి. నాలుగు దొరకలేదు. మూడు లేకపోయినా నడిచింది. నాలుగోది అవ్వ మోకాలి లోతు బురదలో వంగి, నారుకట్ట చేత పట్టుకుని పాడుతున్నప్పటిది. దానికోసం మళ్లీ ఆ ఊరు వెళ్లాను. అప్పటికి నాట్లు అయిపోయాయి. 163వ పేజీలో ఉన్నది అరుగు మీద కూర్చోబెట్టి తీసిన ఫోటో.