ఆస్మాన్ అంటే ఏంది?

మేం దూదేకులోళ్లం. మా అమ్మలు మమ్మల్ని జోకొట్టింది తెలుగులో, తిట్టిందీ తెలుగులోనే. బడిలో మాత్రం పేర్లు చూసి, మాతృభాష గడిలో ఉర్దూ అని రాసుకున్నారు. మమ్మల్ని అడగలేదు. వీధిలోకొస్తే 'తురకం రాని తురకోళ్లు' అన్నారు. ఆ మాట అన్నవాళ్లలో హిందువులూ ఉన్నారు, ఉర్దూ మాట్లాడే మావాళ్లూ ఉన్నారు.

పొద్దున్నే టోపీలు పెట్టుకొని మసీదుకు అరబ్బీ చదువుకు పోయేవాళ్లం. హజ్రత్ మంచివారే. మాట మాటకూ అర్థం చెప్పేవారు, కాకపోతే ఉర్దూలో. "సమా అంటే ఆస్మాన్" అనేవారు. మేం తలలూపేవాళ్లం. ఆస్మాన్ అంటే ఏందని అడిగే ధైర్యం మాలో ఒక్కరికీ లేదు. అడిగితే మా ఇంట్లో ఉర్దూ లేదని బయటపడిపోతుంది. ఒక రాని మాటకు ఇంకో రాని మాట ముడేసుకొని ఇంటికి మోసుకొచ్చేవాళ్లం. తలెత్తితే కనబడే దానికి రెండు పేర్లు బట్టీ పట్టాం, అది ఆకాశమని తెలియకుండానే. చివరికి ఆ సంగతి మాకు చెప్పింది రేడియోలో హిందీ పాటలు.

నిజానికి అరబ్బీ మాటలు చాలా మా నోళ్లలో ముందే ఉన్నాయి. ఆయతుల్ కుర్సీలోని కుర్సీ, మా వసారాలో కాలు విరిగిన కుర్చీ, మాట ఒకటే. ఖురాన్ 68వ సూరా పేరులోని ఖలమే మా కలం. హక్కు, జవాబు, ఖాళీ, రైతు కూడా అక్కడివే. 'ఇది నీకు తెలిసిన మాటే' అని ఒక్కరు చెప్పి ఉంటే మాకెంత ధైర్యమొచ్చేది!

తెలుగుంటే చాలనీ కాదు. గుండెనూ కుక్కనూ నోటుబుక్కులో 'కల్బ్' అనే రాసుకున్నాం. గొంతు లోపల్నించి పలికే ఖాఫ్‌కు మన లిపిలో అక్షరమేదీ? అక్కడ పడిన బెత్తం దెబ్బల్ని మేం తప్పుపట్టం. మనకు గరీబు పేదవాడు, అరబ్బీలో పరాయివాడు. ఇక మామూలు గురించి చెప్పేదేముంది, ఆఫీసుల్లో మనమిచ్చే అర్థం అరబ్బులకు తెలియదు.

మా అక్క కడప నుంచి కువైట్‌కు ఇంటిపనికి పోయింది. చదివింది అయిదో తరగతి. పాత క్యాలెండరు వెనక తెలుగులో రాసుకుంది: మాయ్ నీళ్లు, ఖుబుజ్ రొట్టె, బాబ్ తలుపు. మేం ఏళ్ల తరబడి పట్టుకోలేనిది ఆమెకు నెలల్లో పట్టుబడింది. ఆకలిదప్పుల మాటలు మరి.

సెలవుకొచ్చినప్పుడు మా చిన్నోడు పాఠం వల్లెవేస్తున్నాడు. 'సమా' వినబడగానే వంటింట్లోంచే అంది, "ఆకాశంరా."

వాడు అనుమానంగా చూశాడు. "కాదత్తా, హజ్రత్ ఆస్మాన్ అని చెప్పినాడు."